ఆపరేషన్ తర్వాతి రోజులు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)





ఈ సభలో ప్రతి ఏడాదీ మేము చదువు గురించే మాట్లాడాం. ఈసారి ఒక పిల్లి గురించి మాట్లాడతామని చెబితే కార్యదర్శి గారు ఒక్క క్షణం ఆగి, "పిల్లల గురించా?" అని అడిగారు. కాదు, పిల్లి గురించే. మా ఇంట్లో ఉన్న ముసలి పిల్లి గురించి. దాని పేరు మున్నీ. దానికి పదమూడేళ్లు దాటాయి. కేన్సర్ వచ్చి ఎడమ వెనక కాలు పూర్తిగా తీసేశారు. పద్నాలుగు నెలలుగా దాన్ని చూసుకుంటూ మేము నేర్చుకున్న సంగతులు కొన్ని ఉన్నాయి. అవి పిల్లిని పెంచేవారికే కాదు, సాయం చేసే చేతులన్నిటికీ పనికొస్తాయనిపించి ఇక్కడికి తెచ్చాం.

మున్నీని మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా వర్షంలో తడుస్తున్న కూనగా తెచ్చింది. అమ్మాయి చదువుకుంది, ఉద్యోగం వచ్చింది, పెళ్లయి హైదరాబాదు వెళ్లింది. పిల్లి మాకు మిగిలింది. నిరుడు వేసవి సెలవుల్లో అది కుంటడం మొదలుపెట్టింది. గోడ మీంచి దూకినప్పుడు బెణికి ఉంటుందనుకున్నాం. పసుపు, సున్నం కలిపి పట్టు వేశాం. అది నాకేసింది, మళ్లీ వేశాం. ఇలా మూడు వారాలు గడిపేశాం. ఆ మూడు వారాల ఆలస్యం మాదే. ముసలి పిల్లి కుంటుతూ వారం దాటినా తగ్గకపోతే అది బెణుకు కాదేమో అని అనుమానించాలని మాకప్పుడు తెలియదు. పిల్లి నొప్పిని దాచుకుంటుంది. కుక్కలా మూలగదు. తినడం తగ్గిస్తుంది, మంచం కింద మూల చూసుకుంటుంది, ఒళ్లు నాక్కోవడం మానేస్తుంది. దాని ఏడుపు అంతే.

ఆ రోజుల్లో ఇంకో తప్పు కూడా చేయబోయాం. పిల్లల జ్వరానికి వాడే పారాసిటమాల్ సిరప్ ఇంట్లో ఉంటే, రెండు చుక్కలు పోద్దామని మూత తీశాం. సరిగ్గా అప్పుడే అమ్మాయి ఫోన్ చేసి కేక వేసింది. ఆ మందు పిల్లికి విషం. మన శరీరంలో దాన్ని విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. పిల్లి రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది, చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది. ఒక్క మాత్రతో చనిపోయే ప్రమాదం ఉంది. మీ ఇంట్లో పిల్లి ఉంటే ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. మనుషుల నొప్పి మాత్రలు ఏవీ డాక్టరుకు చెప్పకుండా వేయకండి. ప్రేమతో వేసినా విషం విషమే.

పశువుల డాక్టర్ గారు ఎక్స్‌రే తీసి వెలుతురుకు పెట్టి చూపించారు. మోకాలి దగ్గర ఎముక చెద తిన్న కర్రలా ఉంది. ముక్క తీసి పరీక్షకు పంపితే ఎముక కేన్సర్ అని తేలింది. ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు అప్పటికి శుభ్రంగా ఉన్నాయి. రక్తపరీక్షలో మూత్రపిండాలు కాస్త బలహీనపడ్డాయని తెలిసింది. ఆయన మాకు ఓపికగా వివరించారు. ఇదే జబ్బు కుక్కకు వస్తే చాలాసార్లు త్వరగా ఊపిరితిత్తులకు పాకుతుందట. పిల్లిలో అంత వేగం ఉండదు, కాలు తీసేస్తే రెండేళ్లు, అంతకు మించి బతికినవి కూడా ఉన్నాయి. కానీ పాకదన్న హామీ లేదు.

"మూడు కాళ్లతో ఎలా బతుకుతుంది డాక్టర్ గారూ?" అని అడిగాం.

"అమ్మా, అది ఇప్పటికే మూడు కాళ్లతో నడుస్తోంది. నాలుగోది నొప్పి కోసమే ఉంది" అన్నారాయన.

ఆ మాటతో మాకు నిర్ణయం తేలికైంది. బడులు తెరవడానికి ముందు వారం ఆపరేషన్ చేయించాం. మోకాలి దగ్గర కోస్తే మిగిలిన ముక్క నేలకు తగిలి పుండవుతుందని తొడ పైభాగం దాకా తీశారు. పరీక్షలు, ఆపరేషన్ కలిపి 28 వేల రూపాయలయ్యాయి.

ఇక్కడ మా బంధువు ఒకాయన అడిగిన ప్రశ్న చెప్పాలి. "మాస్టర్లు మీరు. 28 వేలతో ఒక పేద పిల్లవాడి ఏడాది ఫీజు కట్టొచ్చు. ముసలి పిల్లికి పోస్తారా?" అన్నారు. ఆ ప్రశ్నలో అన్యాయం ఏమీ లేదు. మాకు కోపం రాలేదు, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లెక్క తీసి చూసుకున్నాం. జకాత్ డబ్బు అందులో ఒక్క రూపాయి లేదు. జకాత్‌కు హక్కుదారులైన ఎనిమిది వర్గాలు ఎవరో ఖుర్‌ఆన్ చెప్పింది, ఆ లెక్క వేరు. ప్రతి ఏటా ఇచ్చే సదఖా కూడా తగ్గించలేదు. కొత్త ఫ్రిజ్ కొనడం మానుకున్నాం. అదే ఆ డబ్బు. పాత ఫ్రిజ్ ఇప్పటికీ రాత్రంతా చప్పుడు చేస్తూనే ఉంది.

అయినా అసలు జవాబు డబ్బు లెక్కలో లేదు. ఊళ్లో ఉన్న పిల్లులన్నీ మా బాధ్యత కావు. కానీ పన్నెండేళ్లు తలుపు తీసి లోపల ఉంచుకున్నది మా బాధ్యత. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కూడా జంతువును దగ్గర ఉంచుకున్నవారి మీదే దాని బాగోగుల బాధ్యత పెట్టింది. మనకు ఆ మాట చెప్పడానికి చట్టం దాకా పోనక్కరలేదు. అబూ ఖతాదా (రజి) తన వజూ కోసం పెట్టిన నీళ్ల పాత్రను పిల్లి తాగడానికి వీలుగా వంచిన సంగతి మన మదరసాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఇక ఆపరేషన్ తర్వాతి సంగతి. ఆపరేషన్ చేయించిన రోజు మేము చాలా మంచి పని చేసేశాం అనుకున్నాం. అసలు పని మర్నాడు మొదలైంది.

ఇంటికి తెచ్చినప్పుడు చూడలేకపోయాం. ఒక పక్క వెంట్రుకలన్నీ గొరిగేశారు. కుట్ల చుట్టూ ఊదా రంగులో కమిలి, వాచి ఉంది. మొదటి కొన్ని రోజులు అలా ఉండటం మామూలేనని డాక్టర్ గారు ముందే చెప్పబట్టి సరిపోయింది. కుట్లు నాక్కోకుండా మెడకు ప్లాస్టిక్ గరాటు తగిలించారు. ఆ గరాటుతో గిన్నెలో నోరు పెట్టలేదు, ఒంటి మీది నొప్పికి ఆకలి లేదు. రెండు రోజులు ఏమీ తినలేదు. పిల్లి రెండు మూడు రోజులు పూర్తిగా తినకపోతే ఒంట్లోని కొవ్వంతా కాలేయంలో చేరి, ప్రాణం మీదికి వస్తుంది. "నాలుగు రోజులైతే అదే తింటుందిలే" అనే మన పెద్దల మాట పిల్లి విషయంలో పనికిరాదు. కోడిమాంసం ఉడికించిన నీళ్లు, ఉల్లి వెల్లుల్లి వేయకుండా, గోరువెచ్చగా చేసి వేలితో పెదవికి రాశాం. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని పాడు చేస్తాయి. వెచ్చగా ఉంటే వాసన తెలుస్తుంది, వాసన తెలిస్తేనే పిల్లి తింటుంది. మూడో రోజు ఫజర్ వేళకు నాలుగు ముద్దలు తిన్నది. ఆ రోజు నమాజులో మేము చేసిన దుఆ ఏమిటో చెప్పనక్కరలేదు.

ఇల్లంతా మార్చాల్సి వచ్చింది. మా ఇంటి నున్నటి టైల్స్ మీద మిగిలిన ఒక్క వెనక కాలు జారిపోతుంది. గది నుంచి గదికి గోనెపట్టాలు, పాత చాపలు పరిచాం. ఇసుక తొట్టి అంచు ఎత్తుగా ఉంటే ఎక్కలేదు, అందుకని పాత ప్లాస్టిక్ టబ్బుకు ఒక పక్క కోసి గుమ్మంలా చేశాం. అన్నం గిన్నెను చిన్న పీట మీద పెట్టాం. మంచం ఎక్కడానికి మెట్టులాగా ఇంకో పీట వేశాం. కుట్లు విప్పేదాకా ఒక గదిలోనే ఉంచాం. పన్నెండో రోజు కుట్లు విప్పారు. పదిహేను రోజులు తిరిగేసరికి అది మూడు కాళ్లతో కుందేలులా గెంతుతూ వంటింట్లోకి వచ్చింది. మూడు కాళ్ల మీద బరువు పడుతుంది కాబట్టి పిల్లిని లావెక్కనివ్వకూడదు. జాలితో ఎక్కువ పెట్టడం కూడా దానికి కీడే.

ఒక సంగతి మమ్మల్ని ఇప్పటికీ కదిలిస్తుంది. పిల్లి చెవిని వెనక కాలితో గోక్కుంటుంది. మున్నీకి ఎడమ చెవి దురద పెట్టినప్పుడు తల వంచుతుంది, ఎడమ తొడ దగ్గర కండ గబగబా కదులుతుంది, కానీ అక్కడ కాలు లేదు. గాలిలో గోక్కుంటుంది. అది చూసిన ప్రతిసారీ చేతిలో పని వదిలేసి, మాలో ఎవరో ఒకరం వెళ్లి ఆ చెవి గోకుతాం. కళ్లు మూసుకుంటుంది. డాక్టరు చీటీలో ఈ పని రాసి లేదు. ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

ఇప్పుడు మా తప్పు చెప్పాలి. దీనికోసమే ఈ ప్రసంగం.

అయిదు నెలలు గడిచాయి. గాయం మానింది, పిల్లి గెంతుతోంది. చూసినవాళ్లంతా మెచ్చుకుంటున్నారు. మాకూ ధైర్యం వచ్చింది, ధైర్యంతో పాటు నిర్లక్ష్యం వచ్చింది. దగ్గరి బంధువుల ఇంట్లో నిఖా. మూడు రోజులు వెళ్లాం. పక్కింటి అబ్బాయికి తాళం ఇచ్చి, పూటపూటా అన్నం, నీళ్లు పెట్టమని చెప్పాం. ఆ అబ్బాయి చెప్పినట్టే చేశాడు. వాడి తప్పు ఏమీ లేదు. కానీ గిన్నె నింపమన్నాం, తిన్నదా లేదా చూడమనలేదు. మూడో రాత్రి వచ్చి చూస్తే మంచం కింద మూలలో పడి ఉంది. గిన్నెల్లో అన్నం ఎండిపోయి ఉంది. ఇసుక తొట్టి దగ్గర పట్టా మడతపడి, లోపలికి వెళ్లలేకపోయింది. వెనక వెంట్రుకలు మురికితో అట్టకట్టి చర్మం ఒరిసింది. అసలే బలహీనమైన మూత్రపిండాలు, దానికి తోడు నీళ్లు తాగక ఒళ్లు ఎండిపోయింది. మర్నాడు చర్మం కింద సెలైన్ ఎక్కించారు. మూడు రోజులు ఎక్కిస్తే గానీ లేవలేదు.

పిల్లిని కట్టేసి ఉంచి శిక్షకు గురైన స్త్రీ గురించిన హదీసు మీ అందరికీ తెలుసు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. మేము బడిలో ఎన్నోసార్లు పిల్లలకు చెప్పాం. చెప్పినప్పుడల్లా ఆ స్త్రీ చాలా క్రూరురాలని చెప్పేవాళ్లం. ఆ రాత్రి మంచం కింద టార్చి వేసి చూస్తూ మాకు వేరే అర్థం తట్టింది. ఆమె పిల్లిని కొట్టిందని అందులో లేదు. తన దగ్గర ఉంచుకుంది. అన్నం పెట్టలేదు, తనంతట తాను తిండి వెతుక్కోవడానికి వదలనూ లేదు. ఉంచుకుని పట్టించుకోకపోవడమే ఆమె నేరం. మేము తాడుతో కట్టలేదు. కానీ ఒక కాలు తీయించి, గదిలో పెట్టి, తాళం వేసి వెళ్లాం. తేడా ఎంత?

ఆనాటి నుంచి ఒక రిజిస్టరు పెట్టాం. టీచర్లకు హాజరు పట్టీ అలవాటే కదా. ఆలిస్ విల్లలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు జబ్బుపడిన జంతువు బతుకు ఎలా ఉందో కొలవడానికి ఏడు అంశాలు చెప్పారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువగా ఉన్నాయా అన్నది. ఒక్కోదానికి పదికి మార్కులు. మొత్తం 70లో 35 దాటితే చూసుకోవడం కొనసాగించవచ్చని ఆమె పద్ధతి. ప్రతి ఆదివారం ఇద్దరం విడివిడిగా మార్కులు వేసి, తర్వాత కలిపి చూసుకుంటాం. ఒకరి మార్కులు ఎక్కువ, ఒకరివి తక్కువ వచ్చినప్పుడు మాట్లాడుకుంటాం. ప్రేమ ఉన్నచోట కళ్లు అబద్ధం చెబుతాయి. కాగితం మీద రాసుకుంటే ఆ అబద్ధం కొంత తగ్గుతుంది.

పదకొండో నెలలో తీసిన ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తిలో చిన్న మచ్చ కనిపించింది. కేన్సర్ పాకింది. డాక్టర్ గారు మందుల సంగతి వివరించారు. మూత్రపిండాల స్థితి, వయసు చూసి, ప్రతి వారం సూదులతో దాన్ని ఆసుపత్రి చుట్టూ తిప్పవద్దని అనుకున్నాం. నొప్పికి మందు, మూత్రపిండాలకు తగిన ఆహారం, మెత్తని పక్క, అంతే. రిజిస్టరులో ఇంకో గడి కలిపాం. నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో లెక్కపెట్టి రాస్తాం. పడుకున్న పిల్లికి 30 లోపు ఉంటే మంచిది. అది దాటి, అదే పనిగా పెరుగుతుంటే ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరి కష్టమైన రోజున దాన్ని బాధలో ఉంచకుండా ఏం చేయాలో డాక్టర్ గారితో ముందే మాట్లాడుకున్నాం, ఆలిం సాబ్‌ను కూడా అడిగి పెట్టుకున్నాం. ఆ రోజు ఏడుస్తూ ఆలోచించే కంటే ఇప్పుడే తెలుసుకుని ఉండటం మంచిదనిపించింది.

దాతలైన మీకు ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, మా తరగతిలో ఒక అమ్మాయి ఉంది. వాళ్ల నాన్నగారికి షుగర్ వల్ల కాలు తీశారు. ఊళ్లోవాళ్లు చందాలు వేసి ఆపరేషన్ ఖర్చు పెట్టారు. అందులో మా చందా కూడా ఉంది. ఆ తర్వాత ఆ అమ్మాయి బడికి రావడం తగ్గింది. ఇంతకు ముందైతే హాజరు పట్టీలో సున్నా చుట్టి, వాళ్లమ్మను పిలిపించి మందలించేవాళ్లం. ఈసారి ఇంటికి వెళ్లాం. తల్లి కూలికి పోతోంది. కట్టు మార్చడం, నాన్నను లేపి గుమ్మం దాటించడం ఆ అమ్మాయి పని. గుమ్మం దగ్గర జానెడు ఎత్తు మెట్టు. మా పిల్లి కోసం తొట్టి అంచు కోసిన మేము, ఆ మనిషి గుమ్మం సంగతి ఆరు నెలలుగా అడగలేదు. మనిషిని పిల్లితో పోల్చడం లేదు. మా సిగ్గు చెప్పుకుంటున్నాం, అంతే.

ఆ గుమ్మం దగ్గర సిమెంటుతో ఏటవాలు కట్టించడానికి ఒక మేస్త్రీకి ఒక పూట పట్టింది. కట్టు మార్చడానికి ఒక నర్సమ్మ వారానికి మూడుసార్లు వస్తోంది. అమ్మాయి బడికి వస్తోంది.

కాబట్టి మా విన్నపం ఒక్కటే. ఆపరేషన్‌కు డబ్బిచ్చినప్పుడు, "ఇంటికి వచ్చిన తర్వాత ఎవరు చూస్తారు?" అని కూడా అడగండి. మీ చందాలో కొంత పన్నెండో రోజు కోసం, అయిదో నెల కోసం పక్కన పెట్టండి. ఆ రోజుల్లో ఫొటోలు ఉండవు, సన్మానాలు ఉండవు. గిన్నె నిండిందా అని కాక, తిన్నారా అని చూసే మనిషి కావాలి. ఇక మీ ఇళ్లలో, వీధుల్లో జబ్బుపడిన జంతువు ఉంటే గన్నవరం, తిరుపతి, ప్రొద్దుటూరుల్లోనూ, తెలంగాణలో రాజేంద్రనగర్‌లోనూ పశువైద్య కళాశాలలు ఉన్నాయి, వాటికి ఆసుపత్రులున్నాయి. వారం ఆగకుండా తీసుకెళ్లండి. మేము మూడు వారాలు ఆగాం.

ఈ ఉదయం బయలుదేరే ముందు మున్నీ ఊపిరి లెక్కపెట్టాం, 24. పీట మీది గిన్నెలో సగం తిన్నది. ఎడమ చెవి గోకించుకుంది. పక్కింటి అబ్బాయి ఈరోజు వాళ్లమ్మతో కలిసి మా ఇంట్లోనే కూర్చున్నాడు. మేము వెళ్లేదాకా లేవనన్నాడు. ఇంకెన్నాళ్లు ఉంటుందో అల్లాహ్‌కే తెలుసు. ఉన్నన్నాళ్లు చూడటం మా పని.